స్నేహితుల పోకర్ టోర్నమెంటు: బల్ల దగ్గరి పద్ధతులు, ఆట తీరు గురించి సలహా కావాలి

గడియారస్తంభం (అనంతపురం):

అందరికీ నమస్కారం. మేము అనంతపురంలో ఒకే కళాశాలలో చదివిన మిత్రులం. ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడి నో-లిమిట్ హోల్డెమ్ (తలా రెండు ముక్కలు చేతిలో, ఐదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్ల మీద ఉండే పోకర్) ఆడుతున్నాం. పైసా పందెం లేదు. అందరికీ సమానంగా చిప్స్ (ఆట బిళ్ళలు) ఇస్తాం, చివరిదాకా నిలిచినవారి ఇంట్లో తరువాతి ఆట వరకు ఒక కప్పు ఉంటుంది, అంతే. మాలో చాలామంది రమ్మీ, మూడు ముక్కలాట చూస్తూ పెరిగినవాళ్ళు. పోకర్‌ను వీడియోలు చూసి నేర్చుకున్నాం. సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాదుల నుంచి వచ్చేవాళ్ళతో కలిపి 18 మందిమి అవుతాం కాబట్టి, తొమ్మిదేసి మందితో రెండు బల్లలు వేసి ఒక టోర్నమెంటు నడపాలని అనుకుంటున్నాం.

అయితే పేచీలు మొదలయ్యాయి. 100-200 బ్లైండ్ల (ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టవలసిన చిన్న, పెద్ద పందేల) మీద ఒకాయన మాట్లాడకుండా 1,000 చిప్ ఒకటి పడేసి, ఎదుటివాళ్ళ ముఖాలు చూసిన తరువాత అది రైజ్ (పందెం పెంచడం) అన్నాడు. ఇంకొకాయన కాల్‌కు (ఎదుటి పందేనికి సమానంగా కట్టడానికి) సరిపడా చిప్స్ పెట్టి, చేయి వెనక్కి తీసుకుని, మళ్ళీ కొన్ని తెచ్చి కలిపాడు. ముక్కలు పడేసిన మిత్రుడొకడు ఫ్లాప్ (బల్ల మీద మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కలు) రాగానే "అయ్యో, ఉంచుకోవలసింది" అని పైకే అన్నాడు. గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, ఎదుటివాడు సంబరపడేదాకా ఊరుకుని, తరువాత నిదానంగా తిప్పి చూపించే అలవాటు మరొకరికి ఉంది. వీటిని ఎలా తేల్చాలి?

రెండో సందేహం నా ఆట గురించి. 10,000 చిప్స్‌తో మొదలుపెడతాం, బ్లైండ్లు 50-100. ప్రతి 20 నిమిషాలకూ రెట్టింపవుతాయి. నేను తొందరపడకుండా మంచి ముక్కల కోసం కాచుకుంటాను. అయినా ప్రతిసారీ సగం ఆట గడిచేసరికి బ్లైండ్లకే నా చిప్స్ కరిగిపోతున్నాయి. లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

దేవునికడప (కడప):

గడియారస్తంభం గారూ, మీ మొదటి రెండు పేచీలకు జవాబులు ఎప్పుడో రాసిపెట్టి ఉన్నాయి. టోర్నమెంటు నిర్వాహకుల సంఘం ఒకటి 2001లో ఏర్పడి, అప్పటిదాకా ఒక్కో క్లబ్బులో ఒక్కో రకంగా ఉన్న నియమాలను ఒక దారికి తెచ్చింది. వాటిని టీడీఏ (టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్) నియమాలంటారు. ఆట మొదలవకముందే వాటిలో మీకు పనికివచ్చే నాలుగైదింటిని ఒక కాగితం మీద రాసి, రెండు బల్లల దగ్గరా చదివి వినిపించండి. పేచీ వచ్చిన తరువాత చదివితే ఎవరో ఒకరి పక్షం వహించినట్టు ఉంటుంది.

ఎదుట పందెం ఉన్నప్పుడు, నోటితో ఏమీ చెప్పకుండా పెద్ద చిప్ ఒక్కటే వేస్తే, దాని విలువ ఎంతైనా అది కాల్ మాత్రమే. కనుక ఆ 1,000 చిప్‌లో 200 పోను 800 ఆయనకు తిరిగి ఇచ్చేయాలి. ఫ్లాప్ తరువాత ఎవరూ పందెం కట్టకముందు అదే చిప్ వేస్తే మాత్రం పూర్తి 1,000 పందెం కట్టినట్టే లెక్క. ఈ తేడా చాలామందికి తెలియదు. కాల్‌కు సరిపడా పెట్టి, వెనక్కి వెళ్ళి మరికొన్ని తెచ్చినవారిది కూడా కాల్‌గానే నిలుస్తుంది. రైజ్ చేయదలచినవారు మొత్తం ఒకే కదలికలో ముందుకు నెట్టాలి, లేదా ఎంతో ముందే నోటితో చెప్పాలి, లేదా కనీసం "రైజ్" అనే మాటైనా చిప్స్ కదపకముందే అనాలి. ఈ నియమం లేకపోతే, సగం చిప్స్ పెట్టి ఎదుటివాడి కళ్ళు చదివి మిగిలిన సగం పెట్టాలో వద్దో తేల్చుకునే సౌకర్యం ఒకరికే దక్కుతుంది. చిన్నప్పుడు వీధిలో దీన్నే తొండి అనేవాళ్ళం. తెలియక చేసినా, తెలిసి చేసినా తీర్పు ఒకటే కావడం ఇందులో ఉన్న మేలు. ఎవరి మనసులో ఏముందో విచారించే పని మీకు ఉండదు.

నోటి మాట చిప్స్ కంటే ముందు వస్తే ఆ మాటకే విలువ. తన వంతు వచ్చినప్పుడు "కాల్" అన్నవాడు తరువాత మనసు మార్చుకోవడానికి వీల్లేదు. రైజ్ ఎంత ఉండాలన్న దానికీ లెక్క ఉంది: అంతకు ముందు ఎంత పెంచారో కనీసం అంత పెంచాలి. 200 బ్లైండ్ మీద ఒకరు 600 అన్నారంటే పెంచింది 400 కనుక, తరువాతివారు రైజ్ చేయాలంటే కనీసం 1,000 కావాలి.

ముక్కలు పడేసిన తరువాత నిట్టూర్చడాన్ని చాలామంది చిన్న విషయంగా తీసుకుంటారు, నా దృష్టిలో మీరు చెప్పిన నాలుగింటిలో అదే పెద్దది. ఫ్లాప్‌లో రెండు రాజులు, ఒక ఏడు వచ్చాయనుకోండి. ఇద్దరే ఆటలో ఉన్నారు, ఇద్దరి చేతుల్లోనూ రాజు లేదు, వారిలో ఒకరు తన దగ్గర రాజు ఉన్నట్టు నమ్మించడానికి పందెం కడుతున్నారు. అప్పుడు పక్కనుంచి "అయ్యో" అని వినిపిస్తే, మిగిలిన రెండు రాజుల్లో ఒకటి పడేసిన ముక్కల్లో ఉందని ఎదుటివారికి తెలిసిపోతుంది, ఆ ఎత్తు అక్కడితో చెడిపోతుంది. ఆటలో లేనివాడు ఆటలో ఉన్నవాడి చిప్స్ ఖర్చుపెట్టినట్టయింది. పంపకం పూర్తయ్యేదాకా పడేసిన ముక్కల గురించి మాట గానీ, ముఖం మార్చడం గానీ ఉండకూడదు. పక్కవాడి ముక్కలు తొంగి చూసి సలహా చెప్పడం కూడా ఇంతే. ఒక చేతికి ఒకే ఆటగాడు.

నాలుగోదానికి నియమంలో సగం జవాబే దొరుకుతుంది. ఎవరైనా ఆల్-ఇన్ అయి (తన చిప్స్ అన్నీ పెట్టేసి), ఇక పందేలు కట్టేవారు లేనప్పుడు, అందరి ముక్కలూ వెంటనే తెరిచి పెట్టవలసిందే. అలా కానప్పుడు, చివరి రౌండులో చివరిగా పందెం కట్టినవారో పెంచినవారో ముందు చూపాలి. ఎవరూ కట్టకపోతే బటన్‌కు (పంచేవారి స్థానాన్ని చూపే బిళ్ళకు) ఎడమవైపు మొదటివారు చూపాలి. గెలిచానని తెలిసీ సాగదీయడం నియమం తప్పినట్టు కాదు గానీ, అది ఎదుటివాడిని ఎగతాళి చేయడమే. పందెం లేని ఆటలో స్నేహం కంటే పెద్ద పణం ఇంకేముంటుంది? ఆయనను విడిగా పిలిచి చెప్పండి.

ఇంకొక్క మాట. పెద్ద విలువ చిప్స్ ఎప్పుడూ ముందు వరుసలో, అందరికీ కనిపించేలా ఉండాలి. ఎదుటివాడి దగ్గర ఎంత ఉందో తెలియకుండా ఆల్-ఇన్‌కు జవాబు చెప్పడం కుదరదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

పద్ధతుల గురించి దేవునికడప గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది పెద్దగా లేదు. రెండో ప్రశ్న గురించి రాస్తాను.

మీ ఆటలో లోపం కంటే మీరు వేసుకున్న బ్లైండ్ల పట్టికలో లోపం ఎక్కువ కనిపిస్తున్నది. ప్రతి 20 నిమిషాలకూ రెట్టింపు అంటే 100, 200, 400, 800 దాటి 80 నిమిషాలకే పెద్ద బ్లైండ్ 1,600 అవుతుంది. అప్పటికి ఒక్క చిప్ కూడా పోగొట్టుకోనివారి దగ్గర సైతం ఆరు పెద్ద బ్లైండ్లే ఉంటాయి. ఇళ్ళలో ఆటగాళ్ళే కలిపి, పంచుకుంటూ ఆడితే 20 నిమిషాల్లో ఏడెనిమిది పంపకాలకు మించవు. అంటే ఆ 80 నిమిషాల్లో మీరు చూసేది సుమారు 30 పంపకాలు. చేతికి జత వచ్చే అవకాశం 17లో ఒకటి. ఆసుల జత వచ్చే అవకాశం 221లో ఒకటి. ముప్పై పంపకాల్లో సగటున రెండు జతలు కూడా రావు. ఇంత తక్కువ సమయంలో మంచి ముక్కల కోసం కాచుకోవడం ఓపిక అనిపించుకోదు, అది మెల్లగా ఓడిపోవడం.

కనుక ముందు పట్టిక మార్చండి. 50-100, 75-150, 100-200, 150-300, 200-400, 300-600, 400-800, 600-1,200, 800-1,600, 1,000-2,000, 1,500-3,000, 2,000-4,000, 3,000-6,000, 4,000-8,000. ఇవి 14 మెట్లు, మెట్టుకు 20 నిమిషాలు. మీ 18 మంది దగ్గర మొత్తం 1,80,000 చిప్స్ ఉంటాయి. బల్ల మీది మొత్తం చిప్స్ ఇరవై, ముప్పై పెద్ద బ్లైండ్లకు సమానమయ్యే చోట టోర్నమెంట్లు సాధారణంగా ముగుస్తాయి కాబట్టి, మీ ఆట ఐదు గంటల లోపు అయిపోతుంది, మధ్యలో భోజనం వేరే అనుకోండి.

ఇక ఆట తీరు. చిప్స్‌ను సంఖ్యగా లెక్కపెట్టడం మానేసి, మీ దగ్గర ఎన్ని పెద్ద బ్లైండ్లు ఉన్నాయో లెక్కపెట్టండి. నలభైకి పైన ఉన్నంతసేపు నిదానంగా, ముఖ్యంగా బటన్‌కు దగ్గరగా కూర్చున్నప్పుడు, రెండు రెండున్నర బ్లైండ్లకు రైజ్ చేస్తూ ఆడవచ్చు. ఫ్లాప్ తరువాత అందరికంటే చివర మాట్లాడేవాడికి అందరి నిర్ణయాలూ తెలిసి ఉంటాయి. అదే ముక్కలకు ముందు వరుసలో లేని విలువ చివరి వరుసలో వస్తుంది. ఇరవైకి దిగినప్పుడు ఊరికే కాల్ చేసి ఫ్లాప్ చూద్దామనుకోవడం దాదాపు పూర్తిగా మానుకోవాలి. పది పన్నెండుకు దిగిన తరువాత మిగిలేవి రెండే దారులు: ఆల్-ఇన్ లేదా పడేయడం.

ఒక లెక్క చూడండి. బ్లైండ్లు 400-800, మీ దగ్గర 8,000, మీరు బటన్ మీద ఉన్నారు, మీ వరకు అందరూ పడేశారు. మీరు ఆల్-ఇన్ అని, బ్లైండ్లలో ఉన్న ఇద్దరూ వదిలేస్తే, ముక్కలు చూపకుండానే 1,200 వస్తాయి. అంటే ఉన్నదాని మీద 15 శాతం. ఒకరు ఆసు-రాజుతో కాల్ చేసి, మీ చేతిలో తొమ్మిది-ఎనిమిది ఉన్నా, మీకు 35 నుంచి 40 శాతం దాకా అవకాశం ఉంటుంది. అదే మీరు వేరొకరి ఆల్-ఇన్‌కు కాల్ చేస్తే గెలవడానికి ఒకే దారి, మీ ముక్కలే గెలవాలి. అవే రెండు ముక్కలతో ముందుగా చిప్స్ అన్నీ నెట్టడం సరైనది, కాల్ చేయడం తప్పు కావచ్చు. కొత్తవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా ఆడతారు. నెట్టడానికి జంకుతారు, కాల్ చేయడానికి జంకరు.

కాల్ విషయంలో చిన్న లెక్క కూడా అలవాటు చేసుకోండి. టర్న్ (నాలుగో ఉమ్మడి ముక్క) పడ్డాక మధ్యలో 1,000 ఉంది, ఎదుటివారు 500 కట్టారు. మీరు 500 పెడితే మొత్తం 2,000, అంటే కనీసం 25 శాతం అవకాశం ఉంటేనే కాల్ గిట్టుబాటు. మీ దగ్గర నాలుగు ఇస్పేట్లు ఉండి ఐదోది కావాలనుకుందాం. ఒక్క ముక్కే రావలసి ఉన్నప్పుడు ఆ అవకాశం దాదాపు 20 శాతమే. తగిలితే ఇంకా పిండుకోగలమనే నమ్మకం లేకపోతే వదిలేయాలి. ఫ్లాప్ మీదే ఎవరో ఆల్-ఇన్ అయి, రెండు ముక్కలు రావలసి ఉంటే, అదే ఇస్పేటు ఆశకు 35 శాతం ఉంటుంది, అప్పుడు లెక్క మారుతుంది.

ఇక ఆలస్యం. ప్రతి పంపకానికీ రెండు నిమిషాలు ఆలోచించేవాడు తన సమయమే వాడుకుంటున్నాననుకుంటాడు గానీ, గడియారం నడుస్తూనే ఉంటుంది, బ్లైండ్లు పెరుగుతూనే ఉంటాయి, చిన్న గుట్ట ఉన్నవాడికి రావలసిన పంపకాలు అతని వల్ల తగ్గిపోతాయి. మీ చిప్స్ కరగడానికి ఇదీ ఒక కారణమే కావచ్చు. ఇద్దరు ఆడుతున్నప్పుడే మూడోవారు రెండో పేక కలిపి ఉంచితే పంపకాల సంఖ్య బాగా పెరుగుతుంది.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు):

మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారన్నారు కాబట్టి, తప్పకుండా పేచీ రాబోయే చోటు చెబుతాను. మూడు ముక్కల్లో వరుస కలర్ (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కంటే పెద్దది. పోకర్‌లో కలర్ వరుస కంటే పెద్దది. ఇది ఎవరో ఇష్టం వచ్చినట్టు మార్చింది కాదు. 52 ముక్కల్లో మూడేసి తీస్తే వట్టి వరుసలు 720, వట్టి కలర్లు 1,096 వస్తాయి. ఐదేసి తీస్తే వరుసలు 10,200, కలర్లు 5,108. ఏది అరుదో అది పెద్దది. చాలా ఇళ్ళలో ఆసు-రెండు-మూడును పెద్ద వరుసల్లో రెండోదిగా లెక్కిస్తారు, పోకర్‌లో ఆసు నుంచి ఐదు వరకు ఉన్న వరుస అన్నిటికంటే చిన్నది. ఇస్పేటు పెద్దది, కళావరు చిన్నది అనే వాదన ఇక్కడ చెల్లదు. ఐదు ముక్కలూ సమానమైతే చిప్స్ సగం సగం. ఒక చిప్ మిగిలితే అది బటన్‌కు ఎడమవైపు ముందున్నవారికి పోతుంది.

చట్టం గురించి కూడా ఒక మాట. మీరు డబ్బు పెట్టడం లేదన్నారు, అలాగే ఉంచండి. పండుగ కదా అని తలా ఇంత "ప్రవేశ రుసుము" వసూలు చేసి గెలిచినవారికి ఇవ్వాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 1967లో సత్యనారాయణ కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని చెప్పిన మాట అందరూ గుర్తు చేస్తారు. అదే తీర్పులో మూడు ముక్కలాటను కేవలం అదృష్టం మీద నడిచే ఆటగా పేర్కొన్న సంగతి ఎవరూ ఎత్తరు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా దాని కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కప్పు కోసం ఆడుకోవడం వేరు, డబ్బు చేతులు మారడం వేరు.

గడియారస్తంభం (అనంతపురం):

ముగ్గురికీ ధన్యవాదాలు. పట్టిక ఈ రోజే మార్చేశాను. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, మా బల్ల మీద బావా బావమరుదులు ఉన్నారు. మూడోవాడు ఆటలో ఉన్నంతసేపు ఇద్దరూ గట్టిగా ఆడతారు, ఇద్దరే మిగలగానే ఒకరి మీద ఒకరు పందెం కట్టకుండా చెక్, చెక్ అంటూ రివర్ (ఐదో, చివరి ఉమ్మడి ముక్క) దాకా పోతారు. మనం మనం ఒకటి కదా అంటారు. ఇది తప్పా? రెండు, ఈసారి కప్పు ఒకరికే కాకుండా మొదటి ముగ్గురికీ బహుమతులు పెడితే ఆట మారుతుందా?

దేవునికడప (కడప):

తప్పే, సందేహం లేదు. టోర్నమెంటులో ప్రతి ఒక్కరూ తన కోసం మాత్రమే ఆడాలి. బావ చిప్స్‌ను బావమరిది కాపాడుతుంటే మిగిలిన ఏడుగురు ఇద్దరితో కాకుండా ఒకే పెద్ద గుట్టతో పోరాడుతున్నట్టు అవుతుంది. పెద్ద టోర్నమెంట్లలో దీనికి కొన్ని పంపకాలు బయట కూర్చోబెట్టడం నుంచి ఆట నుంచే తీసేయడం వరకు శిక్షలు ఉన్నాయి. మీరు సీట్లు చీటీలు వేసి తీయండి, చుట్టరికాలు వేర్వేరు బల్లలకు పోతే సగం సమస్య తీరుతుంది. మిగిలిన సగానికి ఒక హెచ్చరిక, ఆ తరువాత ఒక రౌండు బయట కూర్చోబెట్టడం.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

శిక్ష విషయంలో దేవునికడప గారితో నేను పూర్తిగా ఏకీభవించను. పండుగకు ఇంటికి వచ్చినవాడిని బల్ల నుంచి లేపితే ఆ ఆట అక్కడితో ముగిసినట్టే. రివర్ మీద, అందరికంటే చివర మాట్లాడవలసిన స్థానంలో, ఎవరూ ఓడించలేని ముక్కలు పెట్టుకుని చెక్ అన్నవారికి మాత్రమే శిక్ష వేస్తే సరిపోతుంది. అక్కడ మొహమాటం తప్ప మరో కారణం ఉండదు, వాదనకు తావు ఉండదు. మిగతా చోట్ల ఎందుకు చెక్ అన్నారో ఎవరూ నిరూపించలేరు.

బహుమతుల ప్రశ్న మంచిది. ఒకరికే కప్పు ఉన్నప్పుడు చిప్స్‌కూ గెలుపు అవకాశానికీ నేరుగా సంబంధం ఉంటుంది: మొత్తం చిప్స్‌లో సగం మీ దగ్గర ఉంటే, అందరూ సమాన నేర్పరులైతే, కప్పు గెలిచే అవకాశం సగం. రెండో స్థానం కోసం బతికి ఉండడంలో లాభమేమీ లేదు. ముగ్గురికి బహుమతులు పెట్టగానే ఈ లెక్క వంగుతుంది. పోకర్ రచయిత మేసన్ మాల్‌మత్ 1987లో పోకర్‌కు తెచ్చిన ఐసీఎం అనే, చిప్స్‌ను బహుమతుల్లో వాటాగా మార్చే లెక్క దీని కోసమే. ముగ్గురు మిగిలారు, చిప్స్ 5,000, 3,000, 2,000. బహుమతుల విలువ 50, 30, 20 పాళ్ళు అనుకోండి. సగం చిప్స్ ఉన్నవారి వాటా ఆ లెక్కలో 38 పాళ్ళ దగ్గర ఆగుతుంది. ఐదో వంతు మాత్రమే ఉన్నవారి వాటా 29 పాళ్ళకు దగ్గరగా ఉంటుంది. మీరు గెలిచే చిప్ కంటే పోగొట్టుకునే చిప్ ఖరీదైనది. అందువల్ల నలుగురు మిగిలి ముగ్గురికే బహుమతులు ఉన్న దశలో, మధ్యస్థంగా చిప్స్ ఉన్నవారు పెద్ద గుట్ట ఉన్నవారి ఆల్-ఇన్‌కు కాల్ చేయడానికి చాలా మంచి ముక్కలు కావాలి, అదే పెద్ద గుట్ట ఉన్నవారు అందరినీ ఒత్తిడి పెట్టవచ్చు. మీ బృందానికి కొత్త కాబట్టి ఈసారికి ఒక్క కప్పే ఉంచమని నా సలహా. గట్టిగా ఆడడం నేర్చుకోవడానికి అదే అనువైనది.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు):

ఒకటి మరిచిపోతున్నారు. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు బటన్ ఉన్నవారే చిన్న బ్లైండ్ కట్టాలి. ఫ్లాప్‌కు ముందు వారే మొదట మాట్లాడాలి, ఫ్లాప్ తరువాత చివర మాట్లాడాలి. ఇళ్ళలో దీన్ని తరచు తిరగేసి ఆడతారు. కాగితం మీద అది కూడా రాయండి. రెండు బల్లల్లో కలిపి తొమ్మిది మంది మిగలగానే ఆట ఆపి, మళ్ళీ చీటీలు తీసి ఒకే బల్ల మీద కూర్చోండి, అంతకు ముందు ఒక బల్ల మీద మరో బల్ల కంటే ఇద్దరు ఎక్కువైతే ఒకరిని అటు మార్చండి.